నా పేరు మీద ఒక మెయిల్

నేను కొన్న కరెంటు కుట్టుమిషను నెల తిరక్కుండానే మొరాయించింది. రెండు జానలు కుట్టగానే దారం తెంచుకుని ఆగిపోయేది. అది ఎండాకాలం మొదలు. బడులు తెరిచేలోగా ఇబ్రహీంపట్నంలో మా వాడ పిల్లల యూనిఫాంలన్నీ కుట్టి ఇస్తానని మాటిచ్చి ఉన్నాను. మాట తప్పితే మళ్లీ ఏడాది ఎవరూ బట్ట తీసుకుని నా ఇంటికి రారు.

కంపెనీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయాలన్నారు దుకాణంలో. నెట్ సెంటర్‌కు పోయి ఫారం నింపించాను. మూడు వారాలు ఎదురుచూశాను. ఫోను మోగలేదు, మనిషి రాలేదు. మళ్లీ దుకాణానికి పోతే కౌంటర్ మీది మనిషి కంప్యూటరులో చూసి, కంపెనీ మెయిల్ పంపిందనీ, బిల్లు, మిషను నంబరు ఫొటోలు అడిగిందనీ, నేను జవాబివ్వలేదు కాబట్టి ఫిర్యాదు మూసేసిందనీ చెప్పాడు. దుకాణం నిండా జనం ఉన్నారు.

"మెయిల్ సూస్కోనోళ్లకు కరెంటు మిషనెందుకక్కా?" అన్నాడు.

నవ్వినవాళ్లు నలుగురు. ఆ నాలుగు మొహాలూ నాకు ఈనాటికీ గుర్తే.

అటునుంచి అటే నెట్ సెంటర్‌కు పోయాను. ఆ మెయిల్ ఎక్కడికొచ్చిందని అడిగితే, సెంటర్ నడిపే అతను తన కంప్యూటరునే చూపించాడు.

"అందరి ఫారాలల్ల నాదే ఏస్త అక్కా. మీ దగ్గర మెయిల్ ఉండదాయె."

"మరి వచ్చినయి సూస్తవా?"

"మస్తొస్తయ్. ఎన్నని సూడాలె?"

అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని నా మెయిల్ వెతికించాను. కింద, ఇంకా కింద, ఎవరూ తెరవకుండా పడి ఉంది. దానికి పైనా కిందా మా ఊరివాళ్లకు వచ్చిన ఉత్తరాలు ఎన్నో. ఎవరి అర్జీకి ఏం జవాబొచ్చిందో రాసినవాళ్లకే తెలియదు.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక టీచరమ్మను ఈమెయిల్ అంటే ఏమిటని అడిగాను. ముందున్న 'ఈ' ఎలక్ట్రానిక్ అన్న మాటకు గుర్తట. మెయిల్ అంటే ఒకప్పుడు సంచి అట. గుర్రం మీద ఉత్తరాలు మోసే సంచి పేరే పోనుపోను ఉత్తరాలకు స్థిరపడిందట. ఆమె మామూలుగా చెప్పింది, నాకు మాత్రం ఒళ్లు మండింది. నా ఉత్తరాన్ని నేను వేరేవాడి సంచిలో వేయించుకుని, రాలేదని కూర్చున్నాను.

ఆ సాయంత్రమే ఆమె చేత నా ఫోనులో నాకొక మెయిల్ తెరిపించుకున్నాను. పాస్‌వర్డు ఆమెకు కూడా కనపడకుండా కొట్టాను. కంపెనీకి తెలుగులోనే రాశాను. బిల్లు, నంబరు ఫొటోలు, దారం తెగే వీడియో జత చేశాను. ఫిర్యాదు మూసేశామని జవాబొచ్చింది. దాని కిందే మళ్లీ రాశాను. మర్నాడు పొద్దున మళ్లీ. రోజూ వాకిలి ఊడ్చి, ఒక మెయిల్ పంపి, అప్పుడు చాయ్ పెట్టుకునేదాన్ని. పాతవన్నీ కొత్తదాని కిందే వేలాడుతుంటే, ఎప్పుడు ఏమన్నారో తేదీతో గంటతో సహా వాళ్లకే చూపించాను. కాగితం పోయిందనొచ్చు. దీన్ని ఏమంటారు?

పంతొమ్మిదో రోజు ఇద్దరు మనుషులు కొత్త మిషను మోసుకుని వచ్చారు. బిగించి, నడిపి చూపించి, పాతది ఎత్తుకుని, సంతకానికి కాగితం ముందు పెట్టారు. కొత్తదానికి గ్యారంటీ మళ్లీ మొదటినుంచి లెక్క అని నోటితో చెప్పారు.

"గదే మాట మెయిల్ పెట్టున్రి. వచ్చినంక సంతకం పెడ్త," అన్నాను.

వాళ్లు ఎండలో ఇంకో ఇంటికి పోవాలన్నారు. నేను కదల్లేదు. చివరికి ఒకతను ఆఫీసుకు ఫోన్ చేశాడు. కాసేపటికి నా ఫోను మోగింది. మెయిల్ తెరిచి, నా పేరు నుంచి ఆఖరి గీత దాకా తీరిగ్గా చదివాను. సంతకం పెట్టాను.

వాళ్ల బండి సందు దాటకముందే మొదటి నీలం నిక్కరు సూది కింద పెట్టాను. బడులు తెరిచిన పొద్దున మా వాడ పిల్లల ఒంటి మీద ఉన్నవన్నీ నేను కుట్టినవే.