ఎదురెదురుగా వేసిన బీములు

నిన్న సాయంత్రం మా వీధి చివరి పార్కులో ఇనుప బల్ల మీద కూర్చున్నాను. పగటి ఎండంతా అందులోనే దాచుకుందేమో, పంచెలోంచి చురుక్కుమంది. ఆ సెగతోపాటు తుప్పు వాసన తగిలి బాలవ్వ గుర్తొచ్చింది. ఆమె గురించి చెప్పేముందు నా గురించి ఒక ముక్క చెప్పాలి. సూరత్‌లో వయసొచ్చే పిల్లల కోసం మొట్టమొదటి పార్కు గీసి కట్టించినవాణ్ణి నేనే. నలుమూలల నుంచి జనం వచ్చి చూసిపోయేవారు.

సరే, నలుమూలల నుంచి కాదు. సూరత్ పక్కనే ఉన్న కామ్‌రేజ్ నుంచి మా బావమరిది వచ్చాడు, అదీ వేరే పని మీద. మొట్టమొదటిదో కాదో కూడా నాకు తెలియదు. గీసింది మాత్రం నేనే. ఏం గీశానో వినండి.

తొంభైల నడుమ మాట. మా తెలుగు నేతవాళ్ల బస్తీలో కుటుంబానికి ఒక్కటే గది. మరమగ్గాలను మేం సాంచాలంటాం. అవి రాత్రింబవళ్లు నడిచేవి. రాత్రి పాళీ చేసిన తండ్రి పగలంతా ఆ గదిలోనే పడుకోవాలి. బడి నుంచి వచ్చిన పిల్లలు గొంతెత్తితే వీపు మోగేది. పసివాళ్లు ఏ సందులోనో ఆడుకుంటారు. పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లకే చోటు లేదు. అందులోనూ ఆడపిల్లలు గడప మీద నోరు కట్టుకుని కూర్చునేవారు. కార్ఖానాల వెనక చెత్త పోసిన జాగాను బాగుచేసి వాళ్లకో పార్కు చేద్దామని మా సంఘం అనుకుంది. సాంచాలు మరమ్మతు చేసే మేస్త్రిని, పైగా సంఘం కార్యదర్శిని. గీసే పని నాకే పడింది. సిమెంటు బల్లలు వరుసలుగా వేయించాను, అన్నీ ఒకే వైపు చూస్తూ. నడుమ దారి. చివర పెద్దమనుషులకు అరుగు. అక్కడ కూర్చుంటే ఎవరేం చేస్తున్నారో కనిపించాలి. మూడు నెలలైనా ఒక్క పిల్ల రాలేదు. మేం మాత్రం అరుగెక్కి బీడీలు కాల్చాం.

బాలవ్వ మా కార్ఖానాలోనే నూలు కండెలు చుట్టేది. నాకంటే పదేళ్లు పెద్దది. సొంత పిల్లలు లేరుగాని బస్తీలో ప్రతి పిల్ల పేరూ తెలుసు. ఒకరోజు పార్కులోకొచ్చి, బల్లల నడుమ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంది సత్తయ్యా, గీడ గూడ సాంచాలు వెట్టినవా?"

"సాంచాలు ఏడున్నయక్కా? బల్లలు గవి."

"వరుసలు గట్లనే ఉన్నయ్. నడుమల మేస్త్రి తిరిగే తొవ్వ. గా అరుగు మీద సేటు కుర్చీ. పోరగాండ్లకు గూడ హాజరీ వేస్తవా ఏంది?"

అరుగు మీదవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే నిజమే. బతుకంతా చూసిన ఏర్పాటు అదొక్కటే. చెయ్యి దాన్నే గీసింది.

"మరెట్ల వెట్టాల్నో నువ్వే చెప్పరాదు?"

"నన్నడుగుతవేంది? ఆళ్లు యాడ కూసుంటుండ్రో జర పోయి సూడు."

పోయి చూశాను. కార్ఖానా గోడవారన పాత బీములు పడి ఉండేవి. పడుగు చుట్టడానికి వాడే లావాటి ఇనుప గొట్టాలవి. వాటిని ఎదురెదురుగా దొర్లించుకుని, మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా కూర్చున్నారు పిల్లలు. తెలుగు, హిందీ, గుజరాతీ కలగలిపి ఒకటే ముచ్చట. నన్ను చూడగానే నోళ్లు మూతపడ్డాయి.

బాలవ్వ సేటును అడిగి ఆరు బీములు తెప్పించింది. అరుగు పక్కనే వేయిస్తానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పార్కు అవతలి మూలకు లాక్కుపోయింది.

"పిలిస్తే ఇనవడాలె. ముచ్చట ఇనవడొద్దు. గంత దూరం చాలు."

వారం తిరక్కముందే ఆ మూల నిండిపోయింది. మా బస్తీ ఆడపిల్లలు అంత గట్టిగా నవ్వగలరని నాకప్పుడే తెలిసింది.

రెండు నెలలు నడిచింది. పెద్దమనుషుల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒక పొద్దున తోపుడుబండి వచ్చి బీములన్నీ ఎత్తుకుపోయింది. సంఘం తీర్మానం, ఒక్కణ్ణి నేనేం చేయగలను? బాలవ్వ నేను పనిచేస్తున్న సాంచ దగ్గరికొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది: "ఇగ ఆళ్లు యాడికి వోవాలె సత్తయ్యా?" సాంచాల చప్పుడులో వినపడనట్టు తల అడ్డంగా ఊపాను. వినపడింది. కొన్నాళ్లకు ఆమె ఊరికి వెళ్లిపోయింది, అక్కడే కన్నుమూసింది. ఇప్పటికీ ఏ బల్ల మీద కూర్చున్నా, ముందు అది ఎటు చూస్తోందో చూస్తాను. పిల్లలు ముచ్చట పెట్టుకుంటుంటే, పిలిస్తే వినపడేంత దూరానికి జరిగిపోతాను.

ఇంతవరకు రాసి నా భార్య లక్ష్మికి చదివి వినిపించాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నది.

"సంఘం ఏంది? సంఘం ఏమన్లే. బండి పిలిచింది నువ్వు. మన బిడ్డ పద్మ గా బీము మీద కూసోని పకపక నవ్వుతుంటే నీ కండ్లవడ్డది, తెల్లారే బండి తెచ్చినవు. గటెన్క పోరి గట్ల నవ్వంగ నేనైతే సూడలే. రాస్తే గది రాయి."