ఎండబోసిన కాఫీ గింజలు

మలికిపురంలో కొబ్బరి డిపోల వెనక సందులోకి వెళ్లి దానమ్మ ఇల్లెక్కడని అడిగితే, "కాఫీ సత్యానందం గారిల్లాండి? అదిగో ఆ నీలం గేటు" అంటారు. ఆ సందులో అందరూ టీ తాగేవాళ్లే. కాఫీ అంటే పెళ్లిళ్లలో వేడి పాలల్లో పొడి కలిపి ఇచ్చేదే. అలాంటి చోట ఒక మనిషి పేరు ముందు కాఫీ వచ్చి కూర్చుందంటే ఊరికే కూర్చోలేదు.

దానమ్మ భర్త సత్యానందం కువైట్‌లో ఒక కాఫీ షాపులో పనిచేసేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా సబ్బులూ సెంట్లూ దుప్పట్లతో పాటు ఒక గింజల ప్యాకెట్టు తెచ్చేవాడు. ఎస్ప్రెస్సో గింజలు, బొగ్గులా నల్లగా ఉండేవి. వచ్చిన మర్నాడు సాయంత్రం అరుగు మీద జనం చేరేవారు. ఆ ప్యాకెట్టుకి లోపలి గాలి బయటికి పోడానికి బొడ్డులా ఒక చిన్న బిళ్ల ఉండేది. సత్యానందం దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మెల్లిగా నొక్కేవాడు.

"ఊపిరొదుల్తంది చూసేరా? గింజ బతికున్నట్టండి. ఊపిరి లేదంటే పాతదన్నమాట."

తర్వాత ఒక గింజ పంటికింద వేసి కొరికేవాడు. మంచి గింజైతే పుటుక్కుమని విరగాలట, సాగకూడదట. పొయ్యి మీద పెట్టే రెండంతస్తుల చిన్న కెటిల్ ఒకటి తెచ్చుకున్నాడు. అందులో కాచి, చిన్న గ్లాసుల్లో పోసి, తను ఒక గుక్క తాగి కళ్లు మూసుకునేవాడు. "చివర్లో బెల్లం తగుల్తంది" అనేవాడు. జనం చేదుకి మొహాలు ముడుచుకుంటూనే "ఆయ్, ఆయ్" అనేవారు.

దానమ్మకి ఏనాడూ ఏ బెల్లమూ తగల్లేదు. కాల్చిన చింతపిక్కల వాసన తప్ప ఆమెకేమీ తెలిసేది కాదు. అయినా వీధి కుళాయి దగ్గర మాత్రం, "అక్కడ బస్తా విప్పాలంటే ముందు మా ఆయన వాసన చూడాలంట" అని చెప్పుకునేది. ఆ మాట ఆయనే చెప్పాడో, తనే కల్పించుకుందో, అన్నేసి సార్లు అన్నాక ఆమెకీ గుర్తులేదు.

అలా చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. సత్యానందం అన్నగారు ఎబినేజర్ మాస్టారు హైస్కూల్లో చేసి రిటైరయ్యారు. చర్చి సంఘంలో పెద్ద. తమ్ముడు చదువు మానేసి కొబ్బరికాయలు ఒలవడానికి పోయాడని ఆయనకి ఎప్పటి నుంచో చిన్నచూపు. తమ్ముడు కువైట్ వెళ్లాక కూడా, "ఏం చేస్తాడు, ఎంగిలి కప్పులు కడుగుతాడు" అనేవారు నలుగురిలో. ఆ మాటకి ఆ ఇంట్లో ఉన్న జవాబు ఒక్కటే, ఆ ప్యాకెట్టు.

కిందటేడు సెలవుకి వచ్చిన సత్యానందం మళ్లీ విమానం ఎక్కలేదు. ఒక పొద్దున్న పళ్లు తోముకుంటూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, అంతే. ప్యాకెట్టులో సగానికి పైగా గింజలు మిగిలిపోయాయి.

దానమ్మ దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి దాచుకుంది. మొదట్లో రోజూ తీసి ఆ బొడ్డు దగ్గర ముక్కు పెట్టేది. ఊపిరి వచ్చేది కాదు గాని వాసన వచ్చేది, ఆయన చొక్కాలకు ఉండే వాసనే. ముసురు పట్టిన రోజుల్లో ఒకసారి తీసి చూస్తే గింజలు తళతళ మెరుస్తున్నాయి. వేలికి జిడ్డు తగిలింది. చెమ్మెక్కేయనుకుంది. కోనసీమలో పుట్టి పెరిగిన ఆడది చెమ్మెక్కిన సరుకుని ఏం చేస్తుంది? కందిపప్పయినా చింతపండయినా ఎండ మొహం చూపిస్తేనే నిలుస్తుంది. వాన వెలిసి ఎండ కాయగానే డాబా మీద ఆయన పాత లుంగీ పరిచి గింజలు పోసింది. పక్కన కూర్చుని కాకుల్ని తోలింది. జిడ్డు పోవాలని గుప్పెడు గుప్పెడు తీసి గుడ్డతో తుడిచింది. సాయంత్రానికి పొడిపొడిలాడాయి. ఆయన సరుకుని కాపాడానని ఆ రాత్రి కాస్త స్థిమితంగా నిద్రపోయింది.

సంవత్సరీకం ప్రార్థనకి సుభాష్ వచ్చాడు. వాళ్లది రాజోలు అవతల ఊరు. కువైట్‌లో సత్యానందంతో ఒకే గదిలో ఉండి, ఒకే షాపులో పనిచేసినవాడు, సెలవుకి వచ్చి ఉన్నాడు. ప్రార్థన అయింది, భోజనాలయ్యాయి, పాస్టరుగారు వెళ్లిపోయారు. అయినవాళ్లు పందిట్లో కూర్చుని ఉన్నారు.

"దానమ్మా, మా వాడి గొప్ప కాఫీ ఏమైనా మిగిలిందా? వాళ్ల షాపు మనిషి కూడా వచ్చేడు. ఓ గ్లాసు పొయ్యి, రుచేంటో ఇవాళైనా తెలుసుకుంటాం" అన్నారు ఎబినేజర్ మాస్టారు.

దానమ్మ ఆ మాట కోసమే చూస్తోంది. సుభాష్ ఒక గుక్క తాగి, అవునండీ, సత్యానందం గారి సరుకంటే ఇదీ అని అందరి ముందూ అంటే చాలు. ఇంకేమీ అక్కర్లేదు. గింజలు మిక్సీలో వేసింది. కెటిల్‌లో కాచి చిన్న గ్లాసుల్లో పోసింది. నురుగు రాలేదు. కడుగునీళ్లలా పల్చగా, నల్లగా ఉంది. తన చేతికి రాలేదేమో అనుకుని తీసుకెళ్లి ఇచ్చింది.

పక్కింటి మంగాయమ్మ ఒక చుక్క నోట్లో వేసుకుని గోడవారకి వెళ్లి ఉమ్మేసి వచ్చింది. మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు.

"కనరెక్కిన కురిడీ కొబ్బరి నమిలినట్టుంది. ఇన్నేళ్లూ మావాడు రుచి చూసింది దీన్నేనా?"

అందరూ నవ్వారు. పెద్దగా కాదు, సంవత్సరీకం కదా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. దానమ్మకి చెవులు వేడెక్కాయి. సుభాష్ మాత్రం గ్లాసు ఖాళీ చేశాడు. "బాగుందండి" అన్నాడు గాని తలెత్తలేదు.

"ప్యాకెట్టు ఓసారి చూపిస్తారా వదినగారూ?"

తెచ్చి ఇచ్చింది. అతను అటూ ఇటూ తిప్పాడు. పైమూల ఒకటి కత్తిరించి ఉంది, దాని మీద టేపు అంటించి ఉంది. సుభాష్ వేలు ఆ టేపు మీద ఆగింది.

"అది కస్టమ్స్ వాళ్లు కత్తిరించేరంట బాబూ. ప్రతిసారీ అంతే. ఆయనే టేపేసేవారు" అంది దానమ్మ.

"ఆయ్. కస్టమ్స్ వాళ్లేనండి" అన్నాడు సుభాష్. మరీ తొందరగా అన్నాడు.

"ఏంటయ్యా, పాతదా? నువ్వు షాపు మనిషివి, నీకు తెలీదా?" అన్నారు మాస్టారు.

సుభాష్ గ్లాసు పట్టుకుని, కడిగేసి వస్తానని వంటింట్లోకి వచ్చేశాడు. దానమ్మ వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నిజం చెప్పు బాబూ."

అతను కుళాయి విప్పి గ్లాసు తోముతూ, ఆమె వంక చూడకుండా చెప్పాడు. గడువు దాటిన ప్యాకెట్లు పొరపాటున మిషన్లో పడకూడదని స్టోరువాడు మూల కత్తిరించి పక్కన పడేస్తాడు. సెలవుకి వెళ్లే పనివాళ్లు అడిగితే అవి ఇస్తారు.

"ఆయనకి తెలుసా?"

"తెలీకేమండి. వాసన చూడడం, కొరకడం, అదంతా మిషన్ మీద ఉండేవాళ్లు చేస్తంటే చూసి నేర్చుకున్నారు. మేమిద్దరం ఆఖరిదాకా సింకు దగ్గరేనండి."

దానమ్మకి ఎదురుగా ఆ అరుగు కనిపించింది. ఊపిరి లేని ప్యాకెట్టుని నొక్కి ఊపిరొదులుతోందని చెప్పిన మనిషి, కనరు మింగి కళ్లు మూసుకుని బెల్లం అన్న మనిషి. ఆ కళ్లు ఎందుకు మూసుకునేవాడో ఇప్పుడు తెలిసింది. తను వీధి కుళాయి దగ్గర అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయన్ని అంత ఎత్తున కూర్చోబెట్టింది తనే. దిగే దారి లేకుండా చేసింది కూడా తనే. చీర చెంగుతో మొహం తుడుచుకుంది గాని ఆ సిగ్గు తుడిస్తే పోయేది కాదు.

"ఏమంటాడమ్మా మీ షాపు మనిషి?" పందిట్లోంచి మాస్టారి గొంతు.

దానమ్మ బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"తప్పు నాదండి బావగారూ. ఆయన తెచ్చినప్పుడు మంచియ్యేనండి. వానల్లో చెమ్మెక్కేయనుకుని డాబా మీద ఎండబోసేను. గుడ్డెట్టి తుడిచేను కూడానండి."

మంగాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"కాఫీ గింజలు మినుములనుకున్నావా దానమ్మా? ఇంకా నయం, నానబోసి రుబ్బేవు కాదు."

ఈసారి నవ్వు పైకే వచ్చింది. పిల్లలు కూడా నవ్వారు. మాస్టారు తువ్వాలు దులుపుకుని లేచారు.

"అదీ సంగతి. మావాడి సరుకుది కాదు తప్పు. రుచి తెలిసినోడు పోయేడు, తెలీని చేతిలో పడింది."

తమ్ముడి గురించి ఆయన నోటి వెంట అలాంటి మాట రావడం అదే మొదలు. కొంత అబద్ధమాడి రాబట్టింది కాబట్టి, ఆ మాట దానమ్మకి తీపిగా లేదు. తల దించుకుని ఆ గ్లాసులన్నీ ఏరి పళ్లెంలో పెట్టుకుంది.

సుభాష్ గేటు దాకా వెళ్లి ఆగాడు.

"ఈసారొచ్చేటప్పుడు కొనే తెస్తానండి వదినగారూ. కొత్త ప్యాకెట్టు."

"వద్దు బాబూ" అంది దానమ్మ. "మంచిది తాగితే, ఆయన పోసిందేంటో సందంతా తెలిసిపోద్ది."