పన్నులో పన్ను చూసిన డాక్టరమ్మ

“అక్కా, మేడం లేరు” అని కార్ఖానా ఏరియాలోని పళ్ళ క్లినిక్ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను మోండా మార్కెట్లో జామకాయలు ఏరుతున్నాను. ఆ సాయంత్రమే మా పాపను చూపించాలి. “లేకుంటే రేపొస్తం తియ్యి. ఎప్పుడుంటరు?” అన్నాను. అవతల ఏడుపు. “గట్ల గాదక్కా. మేడం ఇంక లేరు. పొద్దున లేవనే లేదట.” మొన్ననే ఫోన్లో నన్ను తిట్టిన మనిషి, లేకపోవడమేమిటి? ఇది రాస్తుంటే కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

మా పాపకు పై వరసలో ముందరి పన్ను ఒకటి సన్నగా, మొన తేలి మొలిచింది. బళ్ళో వెక్కిరింపులు సరే, పుచ్చు లేకుండానే దాని పైన చిగురుకి చీము పొక్కు లేచింది. చూపించిన చోటల్లా పీకించెయ్యమన్నారు. ఎదిగే పిల్ల, అందులోనూ ముందరి పన్ను. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేది.

డాక్టరమ్మ మాత్రం, “పీకుడు ఎప్పుడైనా పీకొచ్చు, ముందైతే చూద్దాం” అన్నారు. ఎవరితోనైనా ఆమె అనే మాటే అది. మామూలు ఎక్స్‌రేలో ఏదో మడత మసకగా కనిపిస్తే త్రీడీ స్కాన్ తీయించారు. తెర మీద బొమ్మ రాగానే క్షణం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి, ముక్కు తెరకు తగిలేలా వంగారు. “పన్నులో పన్ను ఉన్నది.”

వెంట వచ్చిన మా అత్తమ్మ ముఖం వెలిగింది. “పన్ను మీద పన్నా? మంచిదే గద మేడం, అదృష్టం.”

“మీద గాదు పెద్దమ్మా, లోపల.” డాక్టరమ్మ తన తెల్లకోటు చేతిని లోపలికి లాగి చూపించారు. “అంగీ విప్పేటప్పుడు చెయ్యి గిట్ల లోపలికి పోతది గద. పన్ను తయారయ్యేటప్పుడే పైపొర గట్ల మడత పడ్డది. వెనక సన్న రంధ్రం, అండ్లకెంచి క్రిములు పోయి వేరు కాడ చీము పట్టి ఎముకను తిన్నది. స్కాన్‌లో తొవ్వ దొరికింది. సాఫ్ చేసి నింపుతా.”

“లోపలున్నదంటే ఇంకా పెద్ద అదృష్టమే” అని అత్తమ్మ తేల్చేసింది. డాక్టరమ్మ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డారు. అప్పటినుంచి మా పాపను “ఏమ్మా అదృష్టం, ఎట్లున్నవ్?” అనే పలకరించేవారు. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మెల్లగా మానేసింది.

మైక్రోస్కోప్ మీద వంగి, విడతలు విడతలుగా శుభ్రం చేసి నింపారు. నేను ఆగలేక మాటిమాటికీ ఫోన్ చేస్తే తిట్లు. “జెర ఆగు, పరేషాన్ గాకు. ఎముక నిండుడు నీ తొందరకు గాదు.” నిండిందని స్కాన్‌లో తేలేదాకా ఆ పన్నుతో ఏదీ కొరకొద్దన్నారు. తేలిన రోజు మాత్రం తన ముందు కూర్చుని జామకాయ కొరికి చూపించాలి, అదీ షరతు. పోయిన వారం స్కాన్ తీశారు. ఫలితం, నేను జామకాయలు ఏరిన రోజు సాయంత్రం చెప్పాలి.

మారేడ్‌పల్లిలో డాక్టరమ్మ వాళ్ళింటికి వెళ్ళి చూసి వచ్చాం. గేటు దగ్గర క్లినిక్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “నిన్ననే చూసిన్రక్కా. ఎముక మంచిగ నిండిందని మస్తు ఖుషీ అయిన్రు. ‘నువ్వు చెప్పకు, అదృష్టానికి నేనే చెప్తా’ అన్నరు.”

ఇంటికొచ్చాక పాప సంచిలోంచి జామకాయ తీసి ముందరి పళ్ళతో కొరికింది. నమలలేక ఏడ్చింది. కాయ బల్ల మీదే ఉండిపోయింది. తెల్లటి గుజ్జులో పళ్ళ గాట్లు, వాటిలో ఒకటి మిగతావాటికంటే సన్నగా.