అంగీకి కుట్టుకున్న పట్టీ

మొన్న మా అన్నయ్య ఇంటికి వెళ్లేసరికి, దుమ్ముగూడెం వైపు కాలువ సర్వే ఉద్యోగంలో కొత్తగా చేరిన నా మేనకోడలికి బట్టలు ఎంచుతూ మా వదిన ఫోన్ ముందేసుకుని కూర్చుంది. తెల్లదైతే చెమట మరక పోదని, మెరిసే గుడ్డయితే ఎండకు ఒంటికి అంటుకుంటుందని అంతకుముందే ఎన్నో వద్దని, లేత నీలం కాటన్‌ది ఒకటి తెప్పించిందట. పైకి మామూలు కాలర్ చొక్కానే. కింద మాత్రం ముందంచూ వెనకంచూ కాళ్ల మధ్యగా కలిసి టిచ్ బటన్లతో బిగుసుకుంటాయి, ఇక ఎంత వంగినా ప్యాంటులోంచి బయటికి రాదు. బాడీసూట్ అంటారట.

"మన కాలంలో గిట్లాంటివి ఏడున్నయ్," అంది వదిన, నా మొహంలోకే చూస్తూ.

ఉంది. ఒకటి ఉంది. నేనే కుట్టుకున్నాను.

అశ్వారావుపేట దగ్గర ఆయిల్‌పామ్ తోటల్లో ఫీల్డ్ పనికి చేరినప్పుడు మగవాళ్ల కొలతలకు కుట్టిన ఖాకీ చొక్కా, ప్యాంటు ఇచ్చి, టక్ చేసుకునే రావాలన్నారు. గెల పండిందో లేదో చూడాలంటే పొడుగు కర్రతో మట్టలు తప్పించాలి, చేతులు పైకెత్తగానే చొక్కా జారి నడుము కనపడేది, గెలలు మోసేవాళ్లు పని ఆపి మరీ చూసేవాళ్లు. నా వయసు ఆడవాళ్లకు ఆ చూపు గురించి విడమరచి చెప్పనక్కర్లేదు. చొక్కా పొడుగు కుట్టిస్తే వెనక ఉబ్బింది, పిన్నీసులు పెడితే గుచ్చుకున్నాయి. చివరికి పాత లంగా గుడ్డతో ఒక పట్టీ కుట్టి, చొక్కా వెనకంచు నుంచి ముందుకు తెచ్చి టిచ్ బటన్లు పెట్టుకున్నాను. అది వేసుకున్న మొదటి పొద్దున, మంచుకు తడిసిన మట్టల కింద రెండు చేతులూ పైకెత్తి నడిచినప్పుడు, ఆ తోట నాదే అనిపించింది.

అప్పట్లో అన్నయ్య వాళ్లింట్లోనే ఉండేదాన్ని, దాన్ని ఎప్పుడూ లోపల తువ్వాలు కింద ఆరేసేదాన్ని. ఒక సాయంత్రం నేను ఊళ్లో లేనప్పుడు వదిన బట్టలు మడతపెడుతూ దాన్ని తీసి, వాకిట్లో చేరిన ఆడవాళ్ల ముందు విప్పి పట్టుకుందట.

"చూడుండ్రే, మా ఆడబిడ్డ అంగీకి లంగోటి కుట్టుకున్నది."

ఆ వాకిట్లో ఉన్న ఒకామె పెనిమిటి మా తోటలోనే గెలలు మోసేవాడు. తెల్లారేసరికి నేను లంగోటి మేడమ్‌ని. నేను కర్ర ఎత్తితే చాలు, చెట్ల వెనక నుంచి ఎవరో ఆ పేరు పెట్టి పిలిచేవారు, మిగతావాళ్లు నవ్వేవారు. ఆఫీసులో పెద్దసారుకు ఫిర్యాదు చేశాను. "నవ్వులు ఎక్కువైనయ్ గానీ, నువ్వు లోపల కూర్చోమ్మా," అన్నాడాయన. నవ్విన వాళ్లు తోటలో ఉండిపోయారు, నన్ను మాత్రం గెలలు తూచే కాంటా గదిలో కూర్చోబెట్టారు. మళ్లీ ఫీల్డుకు పంపమని అడిగినప్పుడల్లా చూద్దామన్నారు. రిటైరయ్యే దాకా ఆ గది కిటికీలోంచే తోటను చూశాను.

ఇన్నేళ్లలో ఒక్కసారైనా వదిన ఆ సంగతి ఎత్తుతుందని, ఎత్తితే ఏమనాలో మాటలన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను. ఎత్తలేదు. మొన్న నేనే అడిగేశాను.

"అవునా? నాకు యాదికే లేదే," అంది వదిన, ఫోన్లో ఇంకో రంగు వెతుకుతూ. "ఏమో, నవ్వులాటకు అని ఉంటా."

అబద్ధం కాదు, ఆమెకు నిజంగానే గుర్తు లేదు. అదే నన్ను కూలదోసింది. నా బతుకు దారి తప్పిన రోజు ఆమెకు బట్టలు మడతపెట్టిన ఒక సాయంత్రం మాత్రమే.

మేనకోడలు ఆ చొక్కా తొడుక్కుని వచ్చి, బిగువు చూసుకోవడానికి రెండు చేతులూ పైకెత్తింది. అంచు కదల్లేదు. "నువ్వూ ఒకటి ఏసుకుంటావా అత్తా," అని నవ్వింది, పిచ్చిపిల్ల, ప్రేమతోనే.

ఇప్పుడు నా కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. చొక్కాలు మారాయి, నవ్వేవాళ్లు తగ్గారు, ఆడపిల్లలు చేతులెత్తి నడుస్తున్నారు. నేను మాత్రం ఆ కిటికీ దగ్గరే కూర్చుండిపోయాను.