పిడికెడు బియ్యం

మా చర్చి ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. పూటపూటా వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా పట్టుకెళ్లి ముందున్న గంపలో పోస్తారు. ఆ బియ్యం ఊళ్లో దిక్కులేని ముసలివాళ్లకు వెళ్తుంది. మా ఆవిడ పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్క పూట కూడా తప్పలేదు. వంటింట్లో మూట ఉంది కదా, వారానికోసారి అందులోంచి నాలుగు గ్లాసులు పోసేస్తే సరిపోదా అని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

"మూటలోంచి తీస్తే మనకేం తగ్గిందండి? కంచంలో తగ్గాలి. అప్పుడే అది దేవుడికిచ్చిన బలి," అనేది.

నాకు ఆ మాట తలకెక్కలేదు. తణుకులో పంచదార ఫ్యాక్టరీలో చెరకు బళ్లు తూచే పని చేసి రిటైరైనవాణ్ణి. ఎందులోంచి తీసినా కిలో కిలోయే కదా అనుకునేవాణ్ణి.

మూడేళ్ల క్రితం ఆవిడ కిడ్నీలు పాడై మంచం పట్టింది. వంట నా నెత్తిన పడింది. "పిడికెడు తీశారా అండి?" అని మంచం మీదనుంచే అడిగేది. "తీశానే," అనేవాణ్ణి. తీసేవాణ్ణి కాదు. నాకు కడుపు మండిపోయేది. మనిషి నా కళ్లముందే చిక్కి శల్యమైపోతుంటే పట్టించుకోని దేవుడికి నా చేత్తో బియ్యం పెట్టాలా? ఆ మాట ఆవిడతో అనే ధైర్యం మాత్రం లేదు. శనివారం సాయంత్రం కోటా బియ్యం మూటలోంచి డబ్బా నింపేసి, మర్నాడు పక్కింటావిడ చేతికిచ్చి చర్చికి పంపేవాణ్ణి.

మేము తినేది సన్నబియ్యం. కోటా బియ్యం లావు. ఆ తేడా తెలిసిపోతుందని నా మట్టిబుర్రకు తట్టనేలేదు.

ఒక శనివారం ఆవిడ డబ్బా తెమ్మంది. ఒళ్లో పెట్టుకుని, చెయ్యి లోపలికి పోనిచ్చి గింజలు వేళ్లతో నలిపి చూసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

"నాకోసం మొక్కుకున్నారా?" అని అడిగింది.

"మొక్కుకున్నాను. నిన్ను లేపి కూర్చోబెడితే డబ్బా ఏంటి, మూటే ఇస్తానన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"అది బేరమండి. ఇది బేరం కాదు, నిబంధన. మాటిచ్చి కట్టుబడ్డం, మన పెళ్లిలాంటిది. ఆయన ఇవ్వాల్సింది సిలువ మీద ముందే ఇచ్చేశాడు, ప్రాణంతో సహా. మీరు తప్పినా ఆయన తప్పడు." కాస్త ఊపిరి తీసుకుని, "నేనూ తప్పనులెండి," అంది. మూత పెట్టి డబ్బా నా చేతికిచ్చింది.

ఆ నెలలోనే పోయింది.

ఆ తర్వాత రెండేళ్లు చర్చిలో చివరి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ప్రభువు శరీరానికీ రక్తానికీ గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు లేచి బయటికి వచ్చేసేవాణ్ణి. చావబోయే మనిషితో రోజూ అబద్ధమాడిన నోటితో అది ఎలా తీసుకోను? ఆవిడ క్షమించే వెళ్లింది, నాకే నన్ను చూస్తే ఒళ్లు మండేది. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఎవరిదో ఒకరి గొంతు వినబడాలని టీవీ పెట్టుకుని వంట చేసేవాణ్ణి.

మొన్న వానల్లో ఒక మధ్యాహ్నం గిన్నెలో గ్లాసు బియ్యం పోశాను. ఒంటి మనిషికి గ్లాసు చాలు. ఇంతలో కరెంటు పోయి టీవీ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, ఎందుకో తెలియదు, గిన్నెలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేశాను. ఆ పూట అన్నం చాలలేదు. మజ్జిగ తాగి సరిపెట్టుకున్నాను. కంచంలో తగ్గడమంటే ఏంటో అప్పుడు తెలిసింది. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఒక్కడి వంటతో డబ్బా నిండడానికి చాలా రోజులు పట్టింది. నిండాక నేనే పట్టుకెళ్లి, ఆడవాళ్ల వరసలో నిలబడి గంపలో పోశాను. ఆ ఆదివారం మధ్యలో లేచి రాలేదు. రొట్టె తీసుకున్నాను.

ఇప్పుడు పూటపూటా తీస్తున్నాను. తీశారా అని అడిగే మనిషి లేదు. అయినా డబ్బా మూత పెట్టాక, ఆవిడ మంచం ఉండే గదివైపు తిరిగి, "తీశానే," అంటాను.