రెండో లిఫ్టర్

వాలీబాల్‌లో స్మాష్ కొట్టేవాడిని అందరూ చూస్తారు. అతను కొట్టడానికి బంతిని లేపి అందించేవాడిని లిఫ్టర్ అంటాం, అతన్ని చూసేవాళ్లు తక్కువ. కాలేజీ రోజుల్లో నేనూ లిఫ్టర్‌నే. తర్వాత జ్యోతినగర్‌లో ఒక బడిలో ఆటల టీచరుగా చేరాను. కొన్నేళ్ల కిందట ఒక ప్రొఫెషనల్ జట్టువాళ్లు ఫోన్ చేశారు. గోదావరిఖనిలో డిగ్రీ చదువుతున్న ఒక లిఫ్టర్ గురించి విన్నామని, తమ స్థాయిలో నిలబడతాడో లేదో చూసి చెప్పమని అడిగారు. ఎందుకు వచ్చానో అక్కడ ఎవరికీ తెలియనివ్వొద్దన్నారు.

చెప్పడానికి ఇంట్లో మాత్రం ఎవరున్నారు? మా ఆయనకు వేరే రాష్ట్రంలోని ప్లాంటుకు బదిలీ అయింది. నా ఉద్యోగం కోసం నేనిక్కడే ఉండిపోయాను. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు, తర్వాత పండక్కి మాత్రమే. ఫోన్లో మాట్లాడుకోవడానికి కరెంటు బిల్లు, గ్యాసు బండ తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు.

కాలేజీల టోర్నమెంటు జరుగుతున్న గ్రౌండుకు వెళ్లి మెట్ల మీద ఒక పక్కగా కూర్చున్నాను. ఆ కుర్రాడి కాలేజీ కోచ్ నాకు బాగా తెలిసినవాడే. ఏ పోటీల్లో కలిసినా ఇద్దరం చాయ్ తాగుతూ పాత ఆటలు తలచుకునేవాళ్లం. ఈసారి నేనెందుకు వచ్చానో ఊహించినట్టున్నాడు, తన జట్టు కుర్రాడి గురించి నా చెవిలో చెప్తున్నాడని ఎవరైనా అనుకుంటారేమోనని అవతలి చివర కూర్చున్నాడు. నాకు చాయ్ పంపించాడు గానీ తాను రాలేదు. ఒక మనిషిని తూచడానికి వెళ్లిన చోట పక్కన ఎవరూ కూర్చోరని ఆ రోజు తెలిసింది.

కుర్రాడు సన్నగా, నల్లగా, మిగతావాళ్లకంటే కాస్త పొట్టిగా ఉన్నాడు. మంచి లిఫ్టర్ వేళ్లకు తగిలిన బంతి చప్పుడు చేయదు. ఇతని చేతుల్లోంచి అది అలాగే పైకి లేచేది. బంతి ఎటు ఇస్తాడో ముందే కనిపెట్టడం నాకు పాత అలవాటు. కాలేజీ పిల్లల భుజం చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఇతని దగ్గర నేను మాటిమాటికీ తప్పాను. తప్పిన ప్రతిసారీ లోపల్లోపల సంతోషం కలిగింది, పక్కకు తిరిగి ఎవరితోనైనా అనాలనిపించింది.

సెమీఫైనల్లో అతని జట్టులోని పొడుగు కుర్రాడు వరుసగా బంతులు బయటికి కొట్టాడు. వానికియ్యకు, వానికియ్యకు అని మెట్ల మీంచి అరిచారు. లిఫ్టర్ మళ్లీ అతనికే ఇచ్చాడు, కాకపోతే ఈసారి కొంచెం తక్కువ ఎత్తులో, నెట్‌కు దగ్గరగా. పొడుగు కుర్రాడు బలంగా కొట్టాడు, పాయింటు వచ్చింది. చప్పట్లన్నీ అతనికే. లిఫ్టర్ అప్పటికే వెనక్కి తిరిగి తన చోటికి నడుస్తున్నాడు.

ఫైనల్లో అవతలి జట్టు అతని లోపం పట్టుకుంది. బంతిని అడ్డుకోవడానికి అతను నెట్ ముందుకు వచ్చినప్పుడల్లా అతని చేతుల మీదుగానే కొట్టారు. ఎంత ఎగిరినా ఒక బెత్తెడు తక్కువయ్యేది. ఓడిపోయారు.

ఆట అయ్యాక జట్టువాళ్లు బండ్లెక్కి వెళ్లిపోయారు. అతను మాత్రం నా దగ్గరికి వచ్చి నమస్తే పెట్టాడు.

"నన్ను సూడనీకే వచ్చిన్రని తెలుసు మేడం. నేను పనికొస్తనా?"

ఏమీ చెప్పకుండా వెళ్లిపోవచ్చు. కానీ అంత సూటిగా అడిగినవాడి దగ్గర నుంచి అలా వెళ్లలేకపోయాను.

"నీ చేతులు పనికొస్తయి. కండ్లు ఇంకా బాగ పనికొస్తయి. ఎత్తు చాలదు," అన్నాను. "రెండో లిఫ్టర్‌గ తీసుకొమ్మని చెప్త."

"రెండో లిఫ్టర్ ఆడుతడా?"

"ఎక్కువ కూసుంటడు."

"కూసుంట మేడం," అన్నాడు.

ఫోన్లో నేను అదే చెప్పాను. తీసుకున్నారు.

ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ టీవీలో చూశాను. కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి టైమవుట్‌లో తప్ప అతను కనిపించేవాడు కాదు. భుజాన తువ్వాలు, చేతిలో నీళ్ల సీసా. వాళ్లమ్మ నా నంబరు ఎలాగో సంపాదించి ఫోన్ చేసేది. ఆమె భర్త బొగ్గుబాయిలో పనిచేస్తాడు, ఆట వచ్చే వేళకు ఎక్కువగా డ్యూటీలో ఉండేవాడు. మొదట్లో "టీచరమ్మా, మావోడు కనవడ్డడా?" అని అడిగేది. పోనుపోను "ఆడిస్తలేరేంది?" అని అడగడం మొదలుపెట్టింది. అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేదాన్ని.

ఒకసారి మొదటి లిఫ్టర్ కాలు మడతపడింది. మావాడు లోపలికి వచ్చాడు. వెంటనే వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఇద్దరం ఫోన్ చెవికి పెట్టుకుని ఎవరింట్లో వాళ్లం చూశాం. కొంతసేపు అవతలి జట్టుకు బంతి ఎటు వస్తుందో అంతుపట్టలేదు. తర్వాత వాళ్లూ అతని చేతుల మీదుగా కొట్టడం మొదలుపెట్టారు. అతన్ని బయటికి పిలిచేశారు. అవతల నుంచి టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది. ఆమె "ఉంట టీచరమ్మా," అని పెట్టేసింది.

మరుసటి సీజన్‌కు అతన్ని జట్టులోకి తీసుకోలేదు. ఊరికి వచ్చాక ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. నా మీద కోపం ఉంటుందనుకున్నాను, లేదు.

"మీరు చెప్పినట్టే అయింది," అన్నాడు. "బెంచి మీద కూసుంటే మస్తు కనవడుతది మేడం. అవతలోడు ఏం జేస్తడో ముందుగాలనే తెలిసేది. గని ఎవ్వరికి చెప్పుకోవాలె? నన్నెవ్వరు అడగకపోదురు."

"నాకు చెప్పు," అన్నాను.

ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత నేల మీద వేలితో గీస్తూ ఒక్కో మ్యాచ్ చెప్పుకొచ్చాడు. నేను అడ్డంపడ్డాను, కాదన్నాను, నా కాలంలో ఎలా ఆడేవాళ్లమో చూపించడానికి లేచి చేతులెత్తి నిలబడ్డాను. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. మాడినదే ఇద్దరం అన్నంలో కలుపుకుని తిన్నాం. మా ఇంట్లో అంతసేపు మాటలు వినపడి ఎన్నాళ్లయిందో.

ఇప్పుడతను వేరే ఊళ్లో ఒక ప్రభుత్వ శాఖలో ఉద్యోగం చేస్తూ ఆ శాఖ జట్టుకు ఆడుతున్నాడు. అక్కడ మొదటి లిఫ్టర్ అతనే. ఆ మ్యాచ్‌లు టీవీలో రావు.