తొట్టి మాకు, చేపలు చిన్నాయనకు

మా చిన్నప్పుడు... తాండూరులో మా ఇంటి వసారా గోడకు ఆనుకొని ఒక రాతి తొట్టి ఉండేది. మూడు పక్కలా పాలిష్ పట్టిన నీలి బండలు, ముందు వైపు మాత్రం అద్దం. బండల పాలిష్ యూనిట్‌లో పనిచేసే మా చిన్నాయన తన చేతులతో చేసిన తొట్టి అది. అందులో ఎర్రవి, నల్లవి, చారలవి, చిన్న చిన్న చేపలు... బడి నుంచి వచ్చి, సంచి అయినా దించకుండా ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడేవాళ్లం.

తొట్టి అడుగున గులకరాళ్లు, వాటి మీద పల్చగా పచ్చటి పాచి. కందుల వ్యాపారి అయిన మా నాయనకు ఆ పాచి గిట్టేది కాదు.

"ఏందిరా గీ పాశి? ఇంట్ల లక్ష్మి ఉండాల్నా, కప్పలు ఉండాల్నా?" అనేవాడు.

"కప్పలు గూడ ఉంటయన్నా... కిరాయి ఇయ్యవు గాని," అని నవ్వేవాడు చిన్నాయన.

('పాచి' అనే పలకాలి. మా ఇంట్లో ఆ ఒక్క మాటను సరిగా పలికినవారు లేరు.)

తరువాత అన్నదమ్ములు వేరుపడ్డారు. ఎందుకో పిల్లలకు ఎవరూ చెప్పలేదు... పెద్దమనుషులు కూర్చుని గదులు, గిన్నెలు, గొడ్లు పంచారు. తొట్టి దగ్గర మాట ఆగింది. చేసినవాడు చిన్నాయన, గోడ మాత్రం నాయన వాటాలోకి వచ్చింది. "గోడ ఎవలదో తొట్టి వాళ్లదే," అని ఒక పెద్దమనిషి తేల్చేశాడు.

"చేపలు నీవే, తీస్కపో," అన్నాడు నాయన. చిన్నాయన వాటిని బిందెలోకి ఎక్కించుకొని, చిన్నమ్మతో, కూతురు సుజాతతో బజారు అవతలి కిరాయి ఇంటికి వెళ్లిపోయాడు.

మరునాడే నాయన తొట్టిని ఖాళీ చేయించాడు. గులకరాళ్లను ఒక్కొక్కటిగా బూడిదతో తోమించాడు. బండ తళతళ మెరిసింది. కొత్త నీళ్లు నింపారు, పట్నం నుంచి కొత్త చేపలు వచ్చాయి. వాటికి మేత కూడా దండిగా వేయించాడు... వారం తిరగకముందే అన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి.

నాయన వాకిట్లో నిలబడి, బజారంతటికీ వినబడేలా అన్నాడు:

"పోతూ పోతూ మందు గలిపి పోయిండు."

ఆ వాక్యంలో కర్త లోపించింది. అయినా కర్త ఎవరో ప్రతి ఇంటికీ తెలిసింది.

చిన్నాయన రాలేదు... జవాబు చెప్పలేదు. ఆనాటి నుంచి రెండు ఇళ్లకు పిలుపులు లేవు. నాయనమ్మ పోయిన రోజున పాడె మోసి, మా ఇంట్లో గుక్కెడు నీళ్లైనా తాగకుండా వెళ్లిపోయాడు. సుజాత నా తరగతే. బడిలో ఆమెను 'మందోని బిడ్డ' అని పిలిచేవారు. ఆ ఏడాది చివర ఆమె బడి మానేసింది.

నేను ఉపాధ్యాయుడినై వికారాబాద్‌లో స్థిరపడ్డాను. నాయన పోయాక తొట్టి నాకు వచ్చింది; వికారాబాద్‌కు తెప్పించుకున్నాను. పదవీ విరమణ తరువాత, మొన్నీమధ్య, అద్దం అంచులకు సిలికాన్ పట్టించి, గులకరాళ్లు పోసి, నీళ్లు నింపాను. పాఠానికి ముందు చదువుకొనే అలవాటు కనుక, చేపలు కొనే ముందు కూడా చదివాను.

కొత్త నీళ్లలో చేపలను వెంటనే దించకూడదట. వాటి మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అనే విషం పుడుతుంది. దానిని తిని విరిచే సూక్ష్మజీవులు రాళ్ల మీద, పాత తొట్టి గోడలకు పట్టిన పాచిలో ఉంటాయి. కడిగి పారేస్తే అవీ పోతాయి. అందుకని ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ, అవి పెరిగేదాకా వారాల తరబడి ఆగాలి. పరీక్ష చుక్కలు వేసినప్పుడు నీళ్లు ఆకుపచ్చగా మారితే విషం ఉన్నట్టు... పసుపుగా నిలిస్తే లేనట్టు.

"చేపల్లేని తొట్టిల మేత ఏస్తున్నరు... పిల్లల్లేని బడిల పాఠం జెప్పినట్టు ఉన్నది సారూ," అని నా భార్య ఎగతాళి చేసింది.

ఆ సాయంత్రం పరీక్షగొట్టంలో నీళ్లు ఆకుపచ్చగా మారాయి. మందు ఎవరూ కలపలేదు... తోమించిన రాళ్లే ఆ చేపలను చంపాయి.

మరునాడే బస్సెక్కి తాండూరు వెళ్లాను. చిన్నాయన ఇప్పుడు చూపు మందగించి, అరుగు మీదే కూర్చుంటున్నాడు. నేనెవరో చెప్పుకొని, పక్కన కూర్చున్నాను.

"చేపలు కొత్తనీళ్లకు సచ్చినయి చిన్నాయనా. నువ్వేం కలపలే," అన్నాను. జీవితమంతా తరగతిలో సవరిస్తూ వచ్చిన ఉచ్చారణ ఆ అరుగు మీద నాకే గుర్తు రాలేదు.

"నేను కలపలేదని నాకు జెప్పనీకి వచ్చినవా?" అన్నాడు. "మీ నాయినకు గూడ ఎర్కనే. బిందె ఎత్తుకునేటప్పుడే జెప్పిన... అన్నా, సగం నీళ్లు ఉంచు, రాళ్లు కడగకు, కొత్తనీళ్లల్ల చేప బతకది అని. సరే అన్నడు. తెల్లారి కడిగించిండు."

"మరి అప్పుడే నలుగుట్ల చెప్పకపోయినవ్?"

"ఎవలు ఇంటుండిరి రా? కందుల సేటు మాట, బండలు రుద్దేటోని మాట ఒక్కటేనా?" తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "బజారోళ్లు అన్నరంటే అననీ. మా సుజాత గూడ ఒకనాడు అడిగింది... నిజం జెప్పు నాయినా, కలిపినవా అని."

సాయంత్రం తిరుగు బస్సెక్కాను... సుజాత ఇప్పుడు ఎక్కడుందో అడగలేకపోయాను.

ఇప్పుడు నా తొట్టి నీళ్లు పసుపు రంగుకు వచ్చాయి. చేపలను కొనడానికి మనసు రావడం లేదు.

అప్పట్లో ఒక మనిషి మీద మాట వేయడానికి వాకిలి చాలింది. దానిని వెనక్కి తీసుకుందామంటే అన్నవాడు లేడు... విన్న బజారులో పాత మనుషులు లేరు. సుజాత ఏ ఊళ్లో ఉన్నా చదువుతుందేమోనని ఇక్కడ రాస్తున్నాను. మీ ఇళ్లలోనూ ఇలా ఎవరి మీదనైనా పడి, అలాగే మిగిలిపోయిన మాట ఉంటే, కింద రాయండి... ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లి వచ్చి రాయండి.